అమ్మ అంగిలిలో అడినాయిడ్ సిస్టిక్ కార్సినోమా. కీమో ఎందుకు వద్దంటున్నారు?

ప్రశ్న:
నమస్కారమండి. మాది తెనాలి. అమ్మకు 54 ఏళ్లు. అంగిలి మీద కుడివైపు చిక్కుడు గింజంత గడ్డ రెండేళ్లుగా ఉంది. నొప్పి లేదని వదిలేశాం. ఈ మధ్య కుడి బుగ్గ మొద్దుబారిందంటే, పన్ను పాడైందేమోనని ఒక దవడ పన్ను కూడా పీకించాం. చివరికి బయాప్సీలో ఇది తేలింది. చిన్న లాలాజల గ్రంథుల్లో వచ్చే క్యాన్సర్ అట. అమ్మ ఏనాడూ వక్కపలుకు కూడా నోట్లో వేసుకోలేదు.

అంగిలి సగం తీసేసి, తర్వాత ఆరు వారాలు కరెంటు (రేడియేషన్) పెడతామన్నారు. కీమో అక్కర్లేదట. మామయ్య మాత్రం కీమో లేకుండా అదేం వైద్యం, వేరే చోటికి తీసుకెళ్దాం అంటున్నారు. అమ్మ అడిగేది ఒక్కటే, "మళ్లీ అన్నం తింటానా?" అని. ఈ జబ్బు చూసినవాళ్లు చెప్పండి.

జవాబు 1:
తమ్ముడూ, నాదీ ఇదే జబ్బు, ఇదే చోటు. 2017లో ఆపరేషన్ అయింది. అమ్మగారు అన్నం తింటారు. నేను ఇప్పుడే గోంగూరతో తిని వచ్చి రాస్తున్నాను.

ఈ కణితి నెమ్మదిగా పెరుగుతుంది, కీమోకి పెద్దగా లొంగదు. అందుకే ముందు కోత, తర్వాత కరెంటు. దీనికున్న చెడ్డ గుణం నరాల వెంట పాకడం. బుగ్గ మొద్దుబారడం అందువల్లే కావచ్చు, ఆ మాట సర్జన్‌కి తప్పకుండా చెప్పండి. ఎమ్మారైలో పుర్రె అడుగు దాకా చూశారా అని అడగండి.

తీసేసిన చోట ఆబ్చురేటర్ పెడతారు. కట్టుడు పళ్ల సెట్టులాంటిదే, పైన ఖాళీని పూడ్చే బుడిపె ఉంటుంది. ఆ సెట్టు తీసేస్తే తాగిన నీళ్లు ముక్కులోంచి కారతాయి, మాట ముక్కుతో వస్తుంది. పెట్టుకుంటే ఫోన్లో మా అత్తయ్య కూడా తేడా పట్టలేదు. దానికి నోటి అచ్చు ఆపరేషన్‌కి ముందే తీసుకోవాలి. నాకు తీయలేదు. పన్నెండు రోజులు ముక్కు గొట్టంతోనే ఉన్నాను, నోరు తెరవాలంటే ఏడుపొచ్చేది. మీరు మాత్రం గట్టిగా అడగండి.

జవాబు 2:
నేను రేడియేషన్ విభాగంలో టెక్నీషియన్‌ని. వారానికి ఐదు రోజుల చొప్పున 30 నుంచి 33 సిట్టింగ్‌లు ఉంటాయి. ముఖానికి అచ్చుపోసిన మాస్క్ బిగిస్తాం, అమ్మగారికి ముందే చెప్పి ఉంచండి, లేకపోతే మొదటి రోజు భయపడతారు. పుచ్చిపోయిన పళ్లుంటే మొదలుపెట్టకముందే తీయించండి. కరెంటు పడిన దవడలో తర్వాత పన్ను పీకితే ఎముక మానకపోవచ్చు.

జవాబు 3:
మామయ్యగారికి రెండో అభిప్రాయం కావాలంటే అమ్మగారిని తిప్పక్కర్లేదు. బయాప్సీ స్లైడ్లు, బ్లాకులు (ముక్కను మైనంలో పెట్టి దాచినవి) తీసుకుని పెద్ద క్యాన్సర్ ఆస్పత్రిలో చూపించండి. చిన్న ముక్కలో పాలీమార్ఫస్ అడినోకార్సినోమా అనే వేరే లాలాజల గ్రంథి క్యాన్సర్ కూడా ఇలాగే కనిపించవచ్చు, అది దీనికంటే మెతక జబ్బు. ఆపరేషన్ తేదీ మాత్రం వాయిదా వేయకండి.

ప్రశ్న అడిగినవారు:
అక్కా, మీ మాటలు అమ్మకు చదివి వినిపించాను. రేపు అచ్చు గురించి అడుగుతాను. ఐదేళ్లు దాటితే ఇక భయం లేనట్టేనా?

జవాబు 1:
ఈ జబ్బుకి ఐదేళ్ల లెక్క సరిపోదు తమ్ముడూ. పదేళ్ల తర్వాత కూడా ఊపిరితిత్తుల్లో కనిపించవచ్చు. నాకు ఆరో ఏట సీటీలో రెండు చిన్న మచ్చలు కనిపించాయి. అవి పెద్దగా పెరగడం లేదని మందులేవీ ఇవ్వకుండా చూస్తున్నారు. అమ్మగారికి కూడా ఛాతీ స్కాన్ ఎన్నాళ్లకోసారి తీయాలో డిశ్చార్జ్ కాగితంలో రాయించుకోండి.