ఊరు వదిలే ముందు పిట్టలకు గింజలు, నీళ్లు అలవాటు చేయడం మంచిదేనా?

పెన్నాగట్టు: ఆత్మకూరు వైపు పల్లెలో ఇల్లు. ముందు వేపచెట్టు, దొడ్డి చివర రేగుకంప, బావి మీదికి వంగిన తాటిచెట్లు. పిల్లల బడి కోసం వచ్చే మే నెలాఖరుకు నెల్లూరు మారుతున్నాం. ఇంకా తొమ్మిది నెలలుంది. ఈలోపు పిచ్చుకలు, గోరింకలు, ఉడతలు పిల్లలకు దగ్గర్నుంచి కనపడేట్టు వసారా ముందు గింజలు, నీళ్లు పెడదామని ఒక మాట, మరిగించి పోవడం పాపమని ఇంకో మాట. తెలిసినవాళ్లు చెప్పండి.

మెట్టరైతు: నీళ్లు పెట్టండి, గింజలొద్దు. నా భయమంతా ఎలకలతో. సాయంత్రం నేల మీద మిగిలిన నూకలకు రాత్రి ఎలకలొస్తాయి, వాటి వెనకాలే నాగుపాము, రక్తపింజర, జెర్రిపోతు. జెర్రిపోతు వస్తే మేలే. మిగతా రెండూ మెట్ల సందులో చేరితే? ఉదయగిరి కొండల వైపు ఊళ్లలో కోతులొకటి. గింజల చాట మరిగితే పెంకులు తీసి ఇంట్లో దిగుతాయి. మీరు నెల్లూరు పోతారు, కోతులు పక్కింటోళ్లకు మిగుల్తాయి. నెమళ్లూ అంతే. ఇంటి గింజలకు మరిగిన నెమలి పక్క చేలో వేరుశనగ విత్తనం పెళ్లగిస్తే, 1972 వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్ పక్షి, అంటే అన్నిటికంటే గట్టి రక్షణ ఉన్నది కాబట్టి రైతు అదిలించడం తప్ప ఏమీ చేయలేడు.

పిచ్చుకగూడు: ఎలకల మాట ఒప్పుకుంటా అన్నా, కానీ అది సాయంత్రం వేసేవాళ్ల కర్మ. పొద్దున ఆరున్నరకు గుప్పెడు, అంటే 50 గ్రాములు, కొర్రలో సజ్జలో నాలుగడుగుల ఎత్తున పళ్లెంలో పోసి, తొమ్మిదింటికి మిగిలింది ఎత్తేస్తే రాత్రికి ఒక్క గింజ ఉండదు. అంతకంటే మేలు మన పాత పద్ధతి, వరికంకుల కుచ్చు. వసారా దూలానికి చెయ్యెత్తు దాటి కట్టండి. పిచ్చుక కంకి పట్టుకుని తలకిందులుగా వేలాడి వడ్లు ఒలుచుకుంటుంది, పావురానికి అది చేతకాదు. కింద చాప పరిచి ఊక రోజూ దులపండి. ఉప్పేసిన అన్నం, మిక్చర్, బ్రెడ్డు వద్దు. తడిసి బూజు పట్టిన వేరుశనగ పప్పు అసలొద్దు. అందులో చేరే అఫ్లటాక్సిన్ అనే బూజు విషం పిట్ట కాలేయాన్ని తినేస్తుంది.

మెట్టరైతు: కుచ్చు వరకు సరే. కానీ గూట్లో పిల్లకు పిచ్చుక మొదటి రోజుల్లో పెట్టేది పురుగులు సామీ, గింజలు కావు. పురుగు కావాలంటే కంప, గోరింట, పిచ్చిమొక్కలు ఉండాలి. ఊరు వదిలేవాళ్లు అందరూ చేసే పనేంది? జేసీబీ పెట్టి కంపంతా పీకించి, పెరడు చదును చేసి తాళం వేయడం. అదొక్కటి మానుకుంటే చాలు, గింజల చర్చే అక్కర్లేదు.

పెన్నాగట్టు: మూసిన ఇంటి దొడ్లో కంప వదిలితే పాములకు నిలయం కాదా?

మెట్టరైతు: గోడ చుట్టూ పదడుగులు చెక్కించి ఉంచండి. కట్టెల మోపు, రాళ్ల కుప్ప, పాత పెంకుల దొంతర గోడకు ఆనించొద్దు. దొడ్డి చివర రేగుకంప అట్టే ఉండనీండి. సర్కారు తుమ్మ మొలిస్తే మాత్రం వేరుతో తీయించండి, వదిలితే దొడ్డంతా పాకుతుంది.

చెరువుకట్ట: మీ ఇద్దరూ గింజల దగ్గరే ఆగిపోయారు. అసలు మెలిక నీళ్ల దగ్గరుంది. మార్చి నుంచి నీళ్లకు మరిగించి, మే నెలాఖర్లో, సరిగ్గా రోహిణి కార్తెలో, ఎండు మూకుడు వదిలి పోతారన్నమాట. మన జిల్లాలో కుంటలు నిండేది అక్టోబరు నుంచి డిసెంబరు వానలకు. ఆ నెలల్లో పెట్టి ఆపినా నష్టం లేదు, యాడ చూసినా నీళ్లే. వేసవిలో పెట్టాలంటే, మీరు పోయినాక పోసే మనిషి ముందే కుదరాలి. కుదరకపోతే మొదలుపెట్టొద్దు.

పెట్టే తీరు: వెడల్పాటి మట్టి మూకుడు, నీళ్ల లోతు రెండంగుళాలు దాటకూడదు, మధ్యలో గరుకు రాయి. నీడలో, పొదకు ఏడెనిమిది అడుగుల దూరంలో పెట్టాలి, లేకుంటే పిల్లి పొద చాటు నుంచి దూకుతుంది. రోజూ పారబోసి పీచుతో రుద్దాలి. వారం పైన కదలని నీళ్లలో దోమ గుడ్డు పెద్ద దోమై ఎగిరిపోతుంది.

పిచ్చుకగూడు: ఒక్క మూకుడు ఎండితే పిట్టలు చస్తాయనడం అతి, చెరువుకట్ట గారూ. ఊళ్లో గేదెల తొట్లు ఎన్ని లేవు?

చెరువుకట్ట: ఉండాయి, కాబట్టే ఇంకోటి చెప్తా. ఆ సిమెంటు తొట్ల గోడలు నున్నగా, నిట్టనిలువుగా ఉంటాయి. నీళ్లు సగానికి దిగితే తాగబోయిన ఉడత, పిట్ట పడి పైకెక్కలేవు. చేతి మందం వేపకొమ్మ ఒకటి, ఒక కొస అడుక్కు, ఇంకో కొస తొట్టి అంచు దాటేట్టు ఏటవాలుగా పెట్టి, గేదె లాగెయ్యకుండా తాడుతో కట్టండి. మీరు పోయినా అది పనిచేస్తుంది. పక్కింటోళ్లను అడిగి ఈ వారమే పెట్టండి.

తాటితోపు: మేత లేకుండానే దగ్గర్నుంచి చూసేవి ఉండగా ఈ గొడవంతా ఎందుకో! బావి మీది తాటిచెట్లన్నారు, ఇప్పుడు వానాకాలం, గిజిగాళ్ల పని నడుస్తుండాలి. పొద్దున ఆరు నుంచి ఎనిమిది మధ్య ఎనిమిది రెట్లు దగ్గరగా చూపే 8×42 బైనాక్యులర్‌తో, చెట్టుకు ఇరవై మీటర్ల అవతల కూర్చోబెట్టండి. మగపిట్ట తాటాకు అంచున ముక్కుతో గాటు పెట్టి, ఆ కొస పట్టుకుని ఎగురుతుంది. పొడుగాటి నార చీరుకొస్తుంది. గూడు టోపీ ఆకారానికి వచ్చాక లోపలి గోడకు తడిమట్టి అతికిస్తుంది. అప్పుడొచ్చి ఆడపిట్ట చూస్తుంది. నచ్చితేనే మిగతా గూడు, కింద గొట్టం. నచ్చకపోతే టోపీ అట్టే వేలాడుతుంది. నిండు గూళ్లెన్ని, సగం గూళ్లెన్ని అని పిల్లలతో లెక్కపెట్టించండి. ఫోన్లో కూత వినిపించి పిలవడం, ఫొటో కోసం గూటి ముందు ఆకు కోయడం వద్దు. ఆకు తీస్తే కాకికి దారి చూపినట్టే. చలికాలంలో ఒకరోజు నేలపట్టు పక్షుల కేంద్రానికి తీసుకెళ్లండి, చెరువు నీళ్లలో నిలబడిన చెట్ల మీద గూడబాతుల గూళ్లు కట్ట మీద నుంచే కనపడతాయి.

పెన్నాగట్టు: నీళ్లు జనవరి దాకా, తొట్లో కొమ్మ, కంకుల కుచ్చు ఒకటి. ఇంతకు దిగాం. తాళం వేసేటప్పుడు వెంటిలేటర్లకు జాలి కొట్టాలి, రెండింట్లో పిచ్చుక గూళ్లున్నాయి. ఎట్టా?

మెట్టరైతు: పిట్ట నోట పురుగుతో లోపలికి పోతుంటే పిల్లలున్నట్టే, ముట్టుకోవద్దు. పొదిగేది రెండు వారాలలోపు, పిల్ల ఎగరడానికి ఇంకో రెండు వారాలు. ఖాళీ అయ్యాక వెంటనే కొట్టకపోతే మళ్లీ పెడుతుంది. అందుకే జాలి పని ఏప్రిల్‌లోనే చూసుకోండి.

పిచ్చుకగూడు: అంత లెక్క దేనికి? గూడున్న వాటికి జాలి గది వైపు నుంచి కొట్టండి. గూడు బయటివైపు ఉండిపోతుంది, ఇల్లు మూతపడుతుంది. దోమజాలి మాత్రం వద్దు, ఉడత ఒక్కరోజులో కొరికేస్తుంది. అరంగుళం కన్నున్న ఇనుప వెల్డ్ మెష్ తెచ్చి, చెక్క ఫ్రేముకు మేకులతో దిగ్గొట్టండి.