టోన్ఫా ఇక్కడ చేయించుకోవచ్చా? అసలు ఇది ఎక్కడి కర్ర?

నల్గొండ_నాన్న
మా పాప కరాటే క్లాసులో టోన్ఫా మొదలుపెట్టారు. జత తెమ్మన్నారు. ఆన్‌లైన్‌లో చూస్తే అన్నీ పెద్దవాళ్ల సైజే, పాపకేమో పదేళ్లు. చూడ్డానికి పోలీసు లాఠీకి పక్కన పిడి పెట్టినట్టుంది. ఇది వాళ్లదేనా?

మిర్యాలగూడ_కరాటే
కాదన్నా, ఇప్పటి జపాన్‌లోని ఒకినావా దీవులది. దీన్ని చూసే 1970లలో అమెరికాలో పీఆర్-24 అనే పోలీసు లాఠీ చేశారు. సైజుకు లెక్క ఇది: పిడి పట్టుకుని పొడుగు వైపు ముంజేతి కిందికి ఆనిస్తే, కొస మోచేయి దాటి కొంచెం బయటికి రావాలి. పెద్దవాళ్లకు సుమారు 50 సెంటీమీటర్లు పడుతుంది. ముంజేతికి ఆనించి దెబ్బ కాచుకోవచ్చు, పొట్టి కొసతో పొడవొచ్చు, గిర్రున తిప్పి కొట్టొచ్చు. తిప్పేటప్పుడు పిడిని అరచేతిలో వదులుగా తిరగనివ్వాలి, దెబ్బ పడే క్షణంలో బిగించాలి. పిల్లలు మొదట్నుంచీ బిగబట్టి మణికట్టు నొప్పి తెచ్చుకుంటారు.

పాలమూరు_బిడ్డ
ఇసుర్రాయి పిడే టోన్ఫా అయిందని మా సార్ చెప్పిండు. ఆయుధాలు గుంజుకుంటే రైతులు పనిముట్లతోనే కొట్లాడిన్రట.

మిర్యాలగూడ_కరాటే
ఆ కథ చెప్పని క్లాసు లేదు తమ్మీ. రాతలో మాత్రం గట్టి ఆధారం లేదు. 1609లో జపాన్ సామంతులు సత్సుమా వాళ్లు ఒకినావాను గెలిచింది నిజమే. కానీ ఈ విద్యలు సాధన చేసినవాళ్లలో రాజోద్యోగుల కుటుంబాలవాళ్లూ ఉన్నారు, అందరూ రైతులే కాదు. ఇప్పుడు నేర్పే 'హమహిగా నో టోన్ఫా' లాంటి కతాలు, అంటే వరస కట్టిన సాధన కదలికలు, మనదాకా వచ్చాయంటే 20వ శతాబ్దంలో తైరా షింకెన్ లాంటి ఆయుధ విద్య గురువులు ఊరూరా పోగుచేయబట్టే.

దేవరకొండ_తాత
రైతు చేతి కర్ర ఆయుధమైన ముచ్చటకు ఒకినావా దాకా పోవాల్నా బిడ్డా? నిజాం కాలంల సంగపోళ్లు గుత్పలు పట్టుకునే దొరల మనుషులకు ఎదురు నిలిచిన్రు. గుత్పల సంగం అనే పిలిచేది. 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య తూటాకు పడిపోయిన కడవెండి అప్పుడు మన నల్లగొండ జిల్లాలోనే ఉండె. సాము కావాలంటే పీర్ల పండుగకు రాండ్రి. కర్రసాము వెదురు కర్ర నిలబెడితే నొసటి దాకా వస్తది, రెండు చేతుల పని. మీ టోన్ఫాది మీదికొచ్చినోని దగ్గర ఆట. రెంటినీ ఒకటే గాటన కట్టొద్దు.

నల్గొండ_నాన్న
తాతా, దండాలు. మరి చేయించే సంగతి?

వనపర్తి_వడ్ల
చేయొచ్చు అన్నా. పిడిని మేకుతో కొట్టిస్తే నాలుగు రోజుల్లో ఊగుతది. కర్రకు ఆర్‌పార్ రంధ్రం కొట్టి, పిడి దింపి, పైనుంచి చీల బిగించాలె. అంచులు గుండ్రంగా గీకి నున్నగా రుద్దాలె, లేకుంటే ముంజేయి గీరుకపోతది. రెండూ ఒకే మొద్దులోంచి కోయమని చెప్పు. బరువు తేడా వస్తే పాపకు ఒక చెయ్యి ముందు, ఒక చెయ్యి వెనక తిరుగుతది.