కొత్తగా సైట్‌కి వచ్చిన కూలీలకు ఇండక్షన్ ఎలా చెబితే బుర్రకెక్కుతుంది?

కోకాపేట_సేఫ్టీ

అందరికీ నమస్తే. కోకాపేటలో ఒక పెద్ద అపార్ట్‌మెంట్ సైట్‌లో ఐదు నెలలుగా సేఫ్టీ ఆఫీసర్‌గా చేస్తున్నా. రోజూ పదీ పదిహేను మంది కొత్తవాళ్లు వస్తారు, సెంట్రింగ్ (శ్లాబ్ పోయడానికి అచ్చు కట్టే పని) బ్యాచ్ దిగిందంటే ఒకేసారి నలభై మంది. ఇండక్షన్ అంటే, పనిలోకి దిగేముందు జాగ్రత్తలు చెప్పడానికి, కంటైనర్ గదిలో కూర్చోబెట్టి ముప్పావుగంట స్లైడ్లు చూపిస్తాం, రిజిస్టర్‌లో సంతకమో వేలిముద్రో తీసుకుంటాం, హెల్మెట్, బూట్లు, గేట్‌పాస్ ఇచ్చి పంపిస్తాం. ఒడిశా, బీహార్, జార్ఖండ్ వాళ్లే ఎక్కువ, మనవాళ్లు పాలమూరు, శ్రీకాకుళం నుంచి కొంతమంది. రాత్రంతా రైల్లో నిలబడి వచ్చినవాళ్లు, ఏసీ గాలి తగలగానే కళ్లు మూతలు పడిపోతాయి. "సమఝ్ గయే?" అంటే మాత్రం అందరూ తలూపుతారు.

పోయిన వారం 12వ ఫ్లోర్‌లో లిఫ్ట్ గుంత మీద ప్లైవుడ్ షీట్ కప్పి ఉంది. ఆ పొద్దున్నే ఇండక్షన్ అయిన కుర్రాడు సామాను సర్దుతూ ఆ షీట్‌ని రెండు చేతులతో ఎత్తి, ముఖానికి అడ్డంగా పట్టుకుని ఒక అడుగు ముందుకేశాడు. వెనకాల ఉన్న రాడ్ బెండర్ జాకెట్ పట్టి గుంజాడు కాబట్టి బతికాడు. పొద్దున్న స్లైడ్‌లో "ఫ్లోర్ ఓపెనింగ్స్" గురించి చెప్పాను కదా అని అడిగితే, ఓపెనింగ్ అంటే తలుపు అనుకున్నా సార్ అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. షీట్‌కి మేకులు లేవు, దాని మీద రాత లేదు, అది పూర్తిగా మా తప్పే. కానీ నేను చెప్పిన ముప్పావుగంటలో ఆ అబ్బాయికి ఒక్క ముక్క కూడా అందలేదన్నది ఇంకా బాధగా ఉంది. మీ సైట్లలో ఎలా చేస్తున్నారు?

శ్లాబ్_లెవెల్

ముందు ఆ కంటైనర్ గదిలోంచి బయటికి రా తమ్ముడూ. నేను ఇరవై ఏళ్లకు పైగా సైట్ ఇంజినీర్‌ని, గదిలో పావుగంట దాటి చెప్పింది ఎవరికైనా గుర్తుండటం నేను చూడలేదు. నలభై మంది వస్తే నాలుగు గుంపులు చెయ్, టైమ్ పట్టనీ, ఆ రోజు పని ఆలస్యమైతే ప్రాజెక్ట్ మేనేజర్‌తో ఆ గొడవేదో నువ్వు పడు. గుంపుని సైట్ మొత్తం నడిపించు. లిఫ్ట్ గుంత దగ్గర రెయిలింగ్ ఇవతల నిలబెట్టి కిందికి చూపించు, "ఓపెనింగ్" అనకు, గుంత అను, గడ్ఢా అను. ఇంకో సంగతి, సెంట్రింగ్ పనివాడికి ప్లైవుడ్ కనిపిస్తే అది సామాను, మూత అని వాడికి తట్టదు, అందుకని మూతలన్నిటికీ ఎర్ర రంగు కొట్టించి, కదలకుండా మేకులు దిగ్గొట్టి, ఎర్ర షీట్ కింద గుంత ఉంటుందని మొదటి రోజే చూపించాలి.

ఎత్తులో పని చేసేటప్పుడు వేసుకునే సేఫ్టీ బెల్టు సంగతి చెప్తా. "బెల్టు వేసుకోవాలి" అని చెప్పడం దండగ, ఒక్కొక్కరి చేతికిచ్చి వేసుకోమను. సగం మంది భుజాల పట్టీలు వేసుకుని తొడల పట్టీలు వదిలేస్తారు, అవి మోకాళ్ల దగ్గర వేలాడుతుంటాయి, అలా పడితే మనిషి బెల్టులోంచి కిందికి జారిపోతాడు. తొడ పట్టీకి, ప్యాంటుకి మధ్య అరచెయ్యి పట్టాలి, పిడికిలి పట్టకూడదు, అంత బిగువు ఉండాలి. తర్వాత హుక్ ఎక్కడ తగిలిస్తావో చూపించు అని అడుగు. చాలామంది పక్కనే శ్లాబ్ అచ్చుకి ఊతంగా నిలబెట్టిన జాకీ పైపుకి తగిలిస్తారు, మనిషి బరువు పడితే ఆ పైపూ వాడితోపాటే కిందికొస్తుంది. అక్కడే చేత్తో ఊపి చూపిస్తే జన్మలో మర్చిపోరు. కరెంటుదీ అంతే, ప్లగ్ లేకుండా వట్టి వైర్లు సాకెట్‌లో గుచ్చి అగ్గిపుల్లతో బిగిస్తారు కదా, ఆ వైరు ముక్క ఒకటి జేబులో పెట్టుకుని తిరుగు, డిస్ట్రిబ్యూషన్ బాక్స్ దగ్గర తీసి చూపించు.

"అర్థమైందా" అన్న మాట మాత్రం మానెయ్. అవును అని తప్ప ఇంకో జవాబు రాదు.

గుంపు_మేస్త్రీ_కొడుకు

అన్నలు చెప్పింది నిజమే, కానీ కూలీ వైపు నుంచి ఒక మాట. మాది నారాయణపేట వైపు, మా నాన్న గుంపు మేస్త్రీగా, అంటే కూలీల్ని కూడగట్టి పనికి తీసుకెళ్లేవాడిగా, పుణె, ముంబై తిరిగాడు, చిన్నప్పుడు నేనూ సైట్ రేకుల షెడ్లలోనే పెరిగాను. కొత్తగా వచ్చినవాడు అడ్వాన్స్ తీసుకుని వస్తాడు. అది తీరేదాకా మేస్త్రీ ఏ పని చెబితే అది చేస్తాడు, భయమేసినా నోరు తెరవడు. అందుకే ఇండక్షన్‌లో మేస్త్రీని పక్కన నిలబెట్టి, వాళ్లందరి ముందు అతని నోటితోనే చెప్పించండి: పైన భయమేస్తే దిగిపో, ఆ రోజు కూలి కోయను అని. మీరు వందసార్లు చెప్పినదానికన్నా అతను ఒక్కసారి చెబితే పని చేస్తుంది.

ఒడియా వాళ్లకి ఒడియా మనిషితోనే చెప్పించండి, హిందీ అందరికీ వచ్చనుకోవద్దు. మొదటి పది నిమిషాలు తాగే నీళ్లు ఎక్కడ, బాత్రూమ్ ఎక్కడ, దెబ్బ తగిలితే ఎవరి దగ్గరికి వెళ్లాలి, 108 కి ఎవరు ఫోన్ చేస్తారు, ఇవే చెప్పండి. ఆడవాళ్లు ఉంటే పిల్లల్ని ఎక్కడ వదలాలో కూడా చెప్పాలి, మా అమ్మ నన్ను ఇసక కుప్ప పక్కన కూర్చోబెట్టి తట్టలు మోసేది, కన్నంతా నా మీదే ఉండేది. అలాగే 18 నుంచి 60 ఏళ్ల లోపు ఉండి, ఏడాదిలో 90 రోజులు ఈ పని చేసినవాళ్లు కార్మికుల సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేసుకోవచ్చన్న విషయం చాలామందికి తెలియదు, అదీ అప్పుడే చెప్పండి. మన బాగు కోరేవాడే అని నమ్మకం కుదిరితే బెల్టు మాటా వింటారు.

జగిత్యాల_టు_దోహా

నేను ఖతార్‌లో ఏడేళ్లు సెంట్రింగ్ పని చేశాను. మా దగ్గర కొత్తవాడి హెల్మెట్ రంగు వేరేగా ఉండేది, కొన్ని వారాలు ఒక పాత మనిషితోనే తిరగాలి. దూరం నుంచే తెలిసిపోతుంది, క్రేన్ కింద నిలబడితే ఎవరో ఒకరు కేకేస్తారు. ఇది రూపాయి ఖర్చు లేని పని, రేపే మొదలుపెట్టొచ్చు. ఎండ గురించి కూడా మర్చిపోవద్దు. అక్కడ జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా పొద్దున 10 నుంచి మధ్యాహ్నం మూడున్నర వరకు ఎండలో పని చేయించకూడదని రూలే ఉంది. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో దిగే బ్యాచ్‌కి తల తిరిగినా, వాంతి వచ్చినట్టున్నా పని ఆపి నీడకి రావాలని గట్టిగా చెప్పండి.

కోకాపేట_సేఫ్టీ

అందరికీ చాలా థ్యాంక్స్. ఇవాళ ఎనిమిది మందితో చేసి చూశా, గదిలో పది నిమిషాలే. బెల్టు వేసుకోమంటే ఐదుగురు తొడ పట్టీలు వదిలేశారు. బాలాసోర్ నుంచి వచ్చిన ఒక పాత వెల్డర్‌తో ఒడియాలో చెప్పించా, లిఫ్ట్ గుంత దగ్గరికి వచ్చేసరికి వాళ్లే ప్రశ్నలు మొదలుపెట్టారు. క్రేన్ బరువు తలమీదుగా వస్తుంటే ఆగాలా, పరిగెత్తాలా అని ఒకతను అడిగాడు. ఐదు నెలల్లో నన్ను ఒక కొత్త కూలీ ప్రశ్న అడగడం ఇదే మొదటిసారి. లోడ్‌ని చూస్తూ దాని దారిలోంచి పక్కకి తప్పుకోవాలి, లోడ్ కిందికి మాత్రం రాకూడదు అని అక్కడే నడిపించి చూపించా. మూతలకి ఎర్ర రంగు రేపటికల్లా అయిపోతుంది. రైలు దిగిన రోజే పైకి పంపకుండా ఒక రాత్రి పడుకున్నాకే గేట్‌పాస్ ఇస్తానని కాంట్రాక్టర్‌తో చెప్పాలి, ఒప్పుకోడేమో, అయినా అడుగుతా.