రెక్క కింద క్షిపణి: రిస్కు అంచనాకి టీఆర్‌ఎల్ ఒక్కటే చాలా?

శ్రీకాకుళం, బీటెక్ ఫైనలియర్: సెమినారుకి విమానం నుంచి ప్రయోగించే క్షిపణి డిజైన్‌లో టెక్నికల్ రిస్కులు తీసుకున్నాం. ప్రతి భాగానికీ టీఆర్‌ఎల్ (టెక్నాలజీ ఎంత పక్వానికి వచ్చిందో 1 నుంచి 9 వరకు చెప్పే కొలత) అంకె వేసేస్తే సరిపోతుందేటండి?

జవాబు: చాలదండి. నేల మీది లాంచర్‌లో 9 వచ్చిన భాగమైనా రెక్క కిందకి తెస్తే పరిసరం మారిపోతుంది, అంకె మళ్లీ 5, 6కి దిగుతుంది. ఎక్కువసార్లు క్షిపణి పేలకుండానే విమానంతో తిరిగొస్తుంది కదా. రన్‌వే మీద ఎండ, పైన మైనస్ 50 డిగ్రీల చలి, ల్యాండింగ్ కుదుపు, గంటల తరబడి వణుకు. రాకెట్ మోటార్‌లోని ఘన ఇంధనం పగులుతుంది, లోపలి పూత (లైనర్) నుంచి ఊడుతుంది, కనెక్టర్ పిన్నులు అరుగుతాయి. మోటార్ ఆయుష్షుని ఏళ్లతో పాటు ఎగిరిన గంటల్లోనూ లెక్కగట్టండి.

విజయనగరం నుంచి: క్షిపణి విమానం నుంచి విడిపోయే క్షణం మరిచిపోకండి. విమానం కింద గాలి తిన్నగా ఉండదు. క్షిపణి ముక్కు పైకి లేస్తే విమానానికే తగలొచ్చు. ముందు విండ్ టన్నెల్, నేల మీద ఎజెక్టర్ (క్షిపణిని కిందకి నెట్టే పరికరం) పరీక్ష, తర్వాత గాల్లోంచి డమ్మీ క్షిపణి, చివర్లోనే మోటార్ వెలిగించే ప్రయోగం. బరువు ఇంకో తలనొప్పి. విమానం నుంచి ప్రయోగించే బ్రహ్మోస్ క్షిపణి సుమారు 2.5 టన్నులు, దానికోసం సుఖోయ్-30 ఎంకేఐ యుద్ధవిమానాన్నే బలపరచాల్సొచ్చింది. ఆ విమానం నుంచి తొలి ప్రయోగం 2017 నవంబర్ 22న.

మరొకరు: రిస్కు తీవ్రతనీ, అది జరిగే అవకాశాన్నీ 1 నుంచి 5 అంకెల్లో వేసి గుణించే 5×5 పట్టికలో గుణకారం చూసి మోసపోవద్దు. తీవ్రత 5, అవకాశం 1 అయితే వచ్చేది 5 మార్కులే, కానీ అక్కడ పోయేది పైలట్ ప్రాణం. దాన్ని వేరే వరసలో పెట్టండి. విమానం నావిగేషన్ నుంచి క్షిపణికి దిశ అందించే చోటు లాంటి ఇంటర్‌ఫేస్‌లకి బాధ్యుడి పేరు రాయండి. రెండు టీములూ అవతలివాళ్లదే అనుకునేది అక్కడే.