ఉప్పు, నూనె తగ్గించాలి కానీ రుచి పోకూడదు, వంటింట్లో ముందు ఏం మార్చాలి?

సాయంత్రంవంట:

అందరికీ నమస్తే. మా ఇంట్లో నలుగురం, మేమిద్దరం, ఇద్దరు పిల్లలు. ఈమధ్య చెకప్‌లో మా ఆయనకి బీపీ కొంచెం ఎక్కువ వచ్చింది. డాక్టర్ గారు మందుల సంగతి తర్వాత చూద్దాం, ముందు ఉప్పు తగ్గించండి, తిండి సరిచేసుకోండి అన్నారు. సరే కదా అని నెట్‌లో వెతికితే ఒక్కొక్కళ్ళు ఒక్కోటి చెప్తున్నారు, ఆ గింజలు నానబెట్టుకోండి, ఈ పొడి పొద్దున్నే తాగండి, ఆ నూనె పారేసి ఈ నూనె కొనండి అని. అవన్నీ కొన్నా వారం తర్వాత అల్మారాలో ఓ మూలకి పోతాయని నాకు తెలుసు. ఆఫీసు నుంచి వచ్చాక గంటలో వంట అయిపోవాలి నాకు, అందుకే కొత్త వంటలేం వద్దు, రోజూ చేసుకునే అన్నం, కూర, పప్పు ఇవే చేస్తూ ఏం మారిస్తే నిజంగా తేడా ఉంటుందో చెప్పండి చాలు.

ఇంకో రెండు డౌట్లు. ఒకసారి వేయించిన నూనె మళ్ళీ వాడొచ్చా? ఆదివారం వండి ఫ్రిజ్‌లో పెట్టుకుని తర్వాత వేడి చేసుకుని తింటే అందులో పోషకాలు ఏమైనా మిగులుతాయా?

కొలతచెంచా:

అండీ, మీరు అడిగిన పద్ధతే కరెక్ట్. ఏదో కొత్తది కొనేముందు ఇప్పుడు ఇంట్లో ఉప్పు, నూనె నెలకి ఎంత ఖర్చవుతున్నాయో చూసుకోండి, నేనైతే అందరికీ మొదట చెప్పేది ఇదే. చేత్తో వేసే ఉప్పు, సీసాతో వంచే నూనె ఎంత పడుతోందో ఎవరికీ తెలీదు, "మేం తక్కువే వేస్తాం" అని అందరూ అనుకుంటారు.

లెక్క చాలా సులువు. పెద్దవాళ్ళు రోజుకి 5 గ్రాముల కంటే తక్కువ ఉప్పు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది, అంటే ఒక చిన్న చెంచా సమంగా నింపితే దానికంటే కాస్త తక్కువ. పిల్లలకి ఇంకా తగ్గాలి. నలుగురికీ పెద్దవాళ్ళ లెక్కే వేసుకున్నా నెలకి 600 గ్రాములు, అదీ ఇంటి ఉప్పు ఒక్కటే కాదు, బ్రెడ్డు, చిప్స్, సాసులు, ప్యాకెట్ నూడుల్స్, పచ్చళ్ళు వీటిలో ఉన్నది కూడా కలుపుకుని. కాబట్టి మీ ఇంట్లో కిలో ప్యాకెట్ నెల తిరక్కుండా అయిపోతుంటే సమస్య ఎక్కడుందో మీకే తెలిసిపోతుంది. ప్యాకెట్ తెరిచిన రోజు దాని మీద పెన్నుతో తేదీ రాయండి, అంతే.

నూనె కూడా ఇలాగే. ఏ నూనైనా గ్రాముకి 9 క్యాలరీలే, ఖరీదైనదని తగ్గవు. ఒక పెద్ద చెంచా నూనె అంటే దాదాపు 120 క్యాలరీలు. నలుగురికి నెలకి నాలుగు లీటర్లు అవుతుంటే మనిషికి రోజుకి సుమారు 30 గ్రాములు పడుతున్నట్టు, అంటే ఒక్క నూనె నుంచే 270 క్యాలరీలు. సీసా వంచడం మానేసి చెంచాతో వేయడం మొదలుపెట్టండి, అడుగు మందంగా ఉన్న గిన్నె వాడి మూత పెట్టి సన్నమంట మీద మగ్గిస్తే సగం నూనెతోనే కూర అవుతుంది, అడుగంటుతుందనిపిస్తే నూనె బదులు రెండు చెంచాల నీళ్ళు చిలకరించండి.

ఏ నూనె అని ఎక్కువ ఆలోచించకండి. గది వేడిలో గడ్డకట్టే కొవ్వులు తగ్గించి ద్రవంగా ఉండేవి వాడుకోవడం మంచిది, కానీ మంచి నూనె కదా అని ఎక్కువ పోస్తే లాభం లేదు.

నిమ్మచెక్క:

ఉప్పు గురించి నా మాట. ఒక్కసారిగా సగానికి తగ్గించకండి, ఇంట్లో అందరూ తిరగబడతారు, పైగా ఆయన కంచంలో మళ్ళీ పైనుంచి చల్లుకుంటారు. కొంచెం కొంచెం తగ్గిస్తూ పొండి, కొన్ని వారాల్లో నాలుక అలవాటు పడుతుంది, తర్వాత పాత ఉప్పే ఎక్కువ అనిపిస్తుంది. టేబుల్ మీద ఉప్పు డబ్బా తీసేయండి ముందు, ఇది మాత్రం ఇవాళే చేయండి.

రుచి పోకుండా ఉండాలంటే పులుపు, కారం, వాసన ఈ మూడూ పెంచండి. దించాక నిమ్మరసం పిండితే ఉప్పు తక్కువైన సంగతి చాలామందికి తెలీదు, మిరియాలు, వెల్లుల్లి, వేయించి దంచిన జీలకర్ర, సన్నగా తరిగిన కొత్తిమీర ఇవన్నీ అదే పని చేస్తాయి. ఉప్పు మొదట్లో వేసేయకుండా వంట అయ్యేముందు వేయండి, అలా వేస్తే రుచి చూసుకుని ఆపడం మీ చేతిలో ఉంటుంది, అయోడైజ్డ్ ఉప్పులో అయోడిన్ కూడా తక్కువ పోతుంది. డబ్బా మూత గట్టిగా పెట్టి పొయ్యికి దూరంగా ఉంచండి.

వెల్లుల్లి దంచాక లేదా తరిగాక ఒక పది నిమిషాలు వదిలేసి అప్పుడు బాణలిలో వేయండి. దానిలో మంచి చేసే అల్లిసిన్ అనే పదార్థం దంచాకే తయారవుతుంది, దాన్ని తయారుచేసే ఎంజైమ్ వేడికి పాడైపోతుంది కాబట్టి కాస్త టైమ్ ఇవ్వాలి.

ఉదయంనడక:

మామూలు ఉప్పు మానేసి రాతి ఉప్పుకి మారండి అండీ, గులాబీ రంగుది, అందులో ఖనిజాలు ఉంటాయి, బీపీకి మంచిదంటారు. లేదంటే లో సోడియం ఉప్పు అని దొరుకుతుంది, అది వాడినా అయిపోతుంది, రుచి కూడా దాదాపు అదే.

కొలతచెంచా:

@ఉదయంనడక గారూ, రాతి ఉప్పు కూడా దాదాపుగా అంతా సోడియం క్లోరైడేనండి, అంటే మామూలు ఉప్పులో ఉండేదే, రంగు వేరు అంతే. అందులో ఖనిజాలు ఉన్నా మనం వేసుకునే చిటికెడులో అవి లెక్కలోకి రావు, పైగా చాలావాటిలో అయోడిన్ కలపరు. బీపీ కోసం మారడంలో అర్థం లేదు.

లో సోడియం ఉప్పు వేరే సంగతి. దానిలో కొంత సోడియం తీసి పొటాషియం క్లోరైడ్ కలుపుతారు, 2025 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దీన్ని వాడుకోవచ్చని చెప్పింది, కానీ పెద్దవాళ్ళకే, పిల్లలకీ గర్భిణీలకీ కాదు. కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళకి, ఒంట్లో పొటాషియం పెంచే కొన్ని బీపీ మందులు వాడేవాళ్ళకి ఇది ప్రమాదం కూడా. @సాయంత్రంవంట గారూ, మీవారు ఇంకా మందులు మొదలుపెట్టలేదు కానీ ఒకవేళ మొదలుపెడితే డాక్టర్‌ని అడక్కుండా ఇది వాడొద్దు. ఇంట్లో పిల్లలు కూడా ఉన్నారు కాబట్టి నన్నడిగితే ఉన్న ఉప్పునే తగ్గించుకోవడం మేలు.

ప్యాకెట్లు కొనేటప్పుడు వెనక చూడండి. సోడియం అని రాసి ఉంటే దాన్ని రెండున్నరతో గుణిస్తే ఉప్పు ఎంతో వస్తుంది. 100 గ్రాముల్లో 600 మిల్లీగ్రాముల సోడియం ఉందంటే ఒకటిన్నర గ్రాము ఉప్పు, అది ఎక్కువ కిందే లెక్క. పదార్థాల పేర్లు బరువు ప్రకారం వరసగా రాస్తారు, మొదటి మూడింట్లోనే చక్కెరో ఉప్పో కనబడితే ఆ ప్యాకెట్ అక్కడే పెట్టేయండి.

ఆకుకూరకట్ట:

మీ ప్రశ్నలో పోషకాల సంగతి నేను చెప్తాను, నాకిష్టమైన టాపిక్ ఇది. విటమిన్ సి, బి విటమిన్లు నీళ్ళలో కరిగిపోతాయి, సి అయితే వేడికి కూడా పోతుంది. కాబట్టి కూరగాయలు ముందు కడిగి తర్వాత తరగాలి, తరిగి నీళ్ళలో నానబెట్టకూడదు, మరీ చిన్న ముక్కలు చేయకూడదు, ఉడికించిన నీళ్ళు పారబోయకుండా పప్పులోనో సూప్‌లోనో పోసేయాలి. ఆవిరి మీద ఉడికిస్తే ఇంకా మంచిది. తొక్క తినగలిగినవాటికి తొక్క తీయొద్దు, పీచు అక్కడే ఎక్కువ.

కానీ వండితే అన్నీ పోతాయనుకోకండి. టమాటాలో ఎరుపునిచ్చే లైకోపీన్ పచ్చిదానికంటే ఉడికిన టమాటా నుంచే ఒంటికి బాగా పడుతుంది. క్యారెట్‌లో ఉండే కెరోటిన్ కూడా అంతే, దానికి కాస్త నూనె తగలాలి కూడా, అసలు నూనె లేకుండా సలాడ్ తినేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి, ఒక చెంచా నూనె తప్పు కాదు.

ఆకుకూరల్లో, పప్పుల్లో ఐరన్ ఉంటుంది కానీ అది మాంసంలో ఐరన్ అంత సులభంగా ఒంటికి పట్టదు. దాంతోపాటు నిమ్మరసం, టమాటా, జామపండు ఇలా విటమిన్ సి ఉన్నది ఏదైనా తింటే ఎక్కువ పడుతుంది. భోజనంతోపాటు టీ, కాఫీ తాగితే అందులో ఉండే పదార్థాలు ఐరన్‌ని అడ్డుకుంటాయి, కనీసం ఒక గంట ఎడం ఇవ్వండి. ఎన్నో ఇళ్ళలో ఆడవాళ్ళకి రక్తం తక్కువని టాబ్లెట్లు మింగుతూనే అన్నం తినగానే టీ తాగేస్తుంటారు, అది చూస్తే నాకు బాధగా ఉంటుంది.

రోజుకి కూరగాయలు, పండ్లు కలిపి కనీసం 400 గ్రాములు ఉండాలి, బంగాళాదుంప ఇందులోకి రాదు. నలుగురికి కిలోన్నర పైనే. మీ కూరగాయల సంచి ఓసారి ఈ లెక్కతో చూసుకోండి.

సాయంత్రంవంట:

చాలా థాంక్స్ అండి అందరికీ, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. ఉప్పు ప్యాకెట్ మీద తేదీ రాసేశాను ఇప్పుడే. నిమ్మరసం ఐడియా మా ఆయనకి చెప్తే ఆయనే సరే అన్నారు. పిల్లలకి రోజూ పండ్ల రసం ఇస్తున్నాను చక్కెర వేయకుండా తేనె కలిపి, అది పర్లేదు కదా? వేయించిన నూనె, ఫ్రిజ్ సంగతి ఎవరూ చెప్పలేదు, దయచేసి అది కూడా చెప్పండి ఎవరైనా.

పెద్దగిన్నె:

నేను పెద్ద వంటగదిలో పని చేస్తాను అమ్మా, నిల్వ సంగతి మాకు రోజూ పనే కాబట్టి చెప్తున్నాను. ఫ్రిజ్‌లో పెడితే పోషకాలన్నీ పోవు, విటమిన్ సి కొంత తగ్గుతుంది, ప్రొటీన్, పీచు, ఖనిజాలు అలాగే ఉంటాయి. ఆదివారం వండుకుని తినడం వల్ల మీరు బయటి తిండికి పోకుండా ఉంటే అదే పెద్ద లాభం. భయపడాల్సింది పోషకాల గురించి కాదు, బయట ఎంతసేపు ఉంచామన్నదాని గురించి.

5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల మధ్య వేడిలో సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. వండినది రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్ళాలి. అన్నం విషయంలో ఇంకా జాగ్రత్త, బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా విత్తుల్లాంటివి ఉడికినా చావవు, అన్నం గంటలకొద్దీ బయట ఉంటే మళ్ళీ మొలకెత్తి విషం తయారుచేస్తాయి, ఆ విషం వేడి చేసినా పోదు. రాత్రంతా గిన్నెలో బయట ఉన్న అన్నాన్ని పొద్దున వేడి చేస్తే సరిపోతుందనుకోవడం అందుకే తప్పు. లోతు గిన్నెలో వదిలేస్తే మధ్యలో చాలాసేపు వేడిగానే ఉంటుంది, వెడల్పు పళ్ళెంలో పలచగా పరిచి చల్లార్చి మూతపెట్టి లోపల పెట్టండి. అన్నం మర్నాటికల్లా, కూరలు మూడు నాలుగు రోజుల్లో తినేయండి. తినేంత మాత్రమే తీసి పొగలు వచ్చేలా వేడి చేయండి, ఒకసారి వేడి చేసింది మళ్ళీ లోపల పెట్టొద్దు. మూడు రోజుల వంట ఒకే డబ్బాలో పెట్టకుండా పూటకి ఒక చిన్న డబ్బా చొప్పున సర్దుకుంటే ఈ గొడవే ఉండదు. ప్లాస్టిక్ డబ్బాతో మైక్రోవేవ్‌లో పెట్టకండి, గాజుదో పింగాణీదో వాడండి.

పచ్చి మాంసం ఫ్రిజ్‌లో అన్నిటికంటే కింది అరలో ఉండాలి, దాని కత్తి, పలక వేరుగా పెట్టుకోండి. చికెన్‌ని కుళాయి కింద కడగొద్దు, ఆ తుంపరలు సింకు చుట్టూ పడి పక్కనున్న సలాడ్ ముక్కల మీదకీ చేరతాయి, బ్యాక్టీరియా చచ్చేది బాగా ఉడికితేనే. రాజ్మా వండితే రాత్రి నానబెట్టి ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో కనీసం పది నిమిషాలైనా తెర్లించి తర్వాత మెత్తబడేదాకా ఉడికించాలి, సరిగ్గా ఉడకని ఆ గింజల్లో వాంతులు తెప్పించే పదార్థం ఉంటుంది.

నూనె సంగతి. వేయించిన ప్రతిసారీ నూనె పాడవుతూ ఉంటుంది, మొదటిసారి కంటే తొందరగా పొగ వస్తుంది. ఇంట్లో అయితే ఒకసారి వేయించాక చల్లారనిచ్చి వడకట్టి, మూత పెట్టి చీకట్లో ఉంచి కొద్ది రోజుల్లో మామూలు కూరల్లోకి చెంచా చెంచాగా వాడేయండి, మళ్ళీ డీప్ ఫ్రైకి పెట్టొద్దు. నల్లబడినా, జిగటగా అయినా, నురగ వచ్చినా, వాసన మారినా పారేయండి, సింకులో పోయొద్దు పైపులు మూసుకుపోతాయి. పాతదానిలో కొత్తది కలపడం చాలామంది చేస్తారు, అలా చేస్తే కొత్తది కూడా తొందరగా పాడవుతుంది. బంగాళాదుంపలు, బ్రెడ్డు బంగారు రంగులో ఆపేయండి, మరీ ముదురు గోధుమ రంగు వచ్చేదాకా వేయిస్తే అక్రిలమైడ్ అనే హానికరమైన పదార్థం ఎక్కువ తయారవుతుంది.

నిమ్మచెక్క:

@సాయంత్రంవంట గారూ రసం గురించి ఎవరూ చెప్పలేదుగా, నేను చెప్తాను. పండు పండులాగే ఇవ్వండి. రసం తీస్తే పీచు చాలావరకు పోతుంది, మూడు నాలుగు పండ్ల చక్కెర ఒక్క గ్లాసులో దిగిపోతుంది, పిల్లలు రెండు నిమిషాల్లో తాగేస్తారు, అన్నమూ తింటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తగ్గించమన్న చక్కెరల లెక్కలో తేనె, పండ్ల రసం రెండూ ఉన్నాయి, మీరేమో రెండూ కలిపి ఇస్తున్నారు. రోజుకి 2000 క్యాలరీలు తినే పెద్దవాళ్ళకే ఆ చక్కెర 50 గ్రాములు దాటకూడదు, 25 లోపు ఉంటే ఇంకా మంచిదంటారు, పిల్లలకి దానికంటే తక్కువ. ఒక్కసారిగా మానిపిస్తే ఏడుస్తారు కాబట్టి ముందు తేనె ఆపండి, తర్వాత గ్లాసు చిన్నది చేయండి, ఆ పండే ముక్కలు కోసి స్కూల్ నుంచి రాగానే ఆకలి మీద ఉన్నప్పుడు ముందు పెట్టండి, తింటారు. ఏడాది లోపు పాప బాబు ఎవరైనా ఇంటికి వస్తే మాత్రం తేనె ఒక్క చుక్క కూడా నాకించొద్దు, ఆ వయసులో దానివల్ల బాట్యులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు వచ్చే ప్రమాదం ఉంది.

సాయంత్రంవంట:

తేనె ఇవాళ్టి నుంచే ఆపేస్తాను నిమ్మచెక్క గారూ. @పెద్దగిన్నె గారూ, ఒక్కటి అడుగుతాను, వేడి గిన్నె డైరెక్టుగా ఫ్రిజ్‌లో పెడితే ఫ్రిజ్ పాడవుతుందంటారు మా అత్తయ్య, అందుకే పూర్తిగా చల్లారేదాకా బయటే ఉంచుతాం, కొన్నిసార్లు నిద్రపోయే టైమ్ దాకా అక్కడే ఉంటుంది.

పెద్దగిన్నె:

పెద్ద గిన్నె నిండా సలసలా మరిగేది పెడితే లోపల మిగతావన్నీ వేడెక్కుతాయి, ఆ మేరకు అత్తయ్య గారి మాట నిజమే. కానీ పూర్తిగా చల్లారనక్కర్లేదు అమ్మా. చిన్న డబ్బాల్లోకి సర్దేసి, లేదా గిన్నెని చల్లటి నీళ్ళ టబ్బులో పెట్టి గరిటెతో కలుపుతూ ఉంటే అరగంటలో గోరువెచ్చగా అవుతుంది, అలా ఉన్నప్పుడే పెట్టేయొచ్చు. డబ్బాల మధ్య కొంచెం ఖాళీ ఉంచండి, చల్లగాలి తిరగాలి.