ఈ వారం సమస్య: "దయ గలిగిన వాడె దయ్యమగును"

నిర్వాహకుడు:
ఆటవెలది పద్యానికి నాలుగో పాదం ఇచ్చాను, ముందు మూడూ మీరు పూరించాలి. ఐదూ సూర్యగణాలే (ఒక గురువు, ఒక లఘువు, లేదా మూడు లఘువులు; గురువంటే సాగదీసి పలికే అక్షరం, లఘువంటే పొట్టిది), యతి, అంటే పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ పొత్తు, ద–ద కుదిరే ఉంది. రెండో పాదం కూడా ఇలాగే నడవాలి. ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాల తర్వాత రెండు ఇంద్రగణాలు (నాలుగైదు మాత్రల గణాలు). ఒక్క విన్నపం: ఎవడో మత్తులో ఇలా వాగాడనో, కలలో విన్నాననో చెప్పి తప్పించుకోకండి. దయ ఉన్నవాడు దయ్యం ఎలా అవుతాడో, ఎవరి కంటికి అవుతాడో నిజంగా ఆలోచించి రాయండి.

చిరుగాలి:
పుండు కోసి కట్టు పుణ్యాత్ముడౌ వైద్యుఁ
జూచి యేడ్చు బిడ్డ సూది యనుచు
నొప్పి చూచి మేలు నోచని కంటికి
దయ గలిగిన వాడె దయ్యమగును.

పాతకలం:
చిరుగాలి గారూ, భావం చక్కగా ఉంది. దయ్యం వైద్యుడిలో లేదు, చూసే కంట్లో ఉందన్నారు. మూడో పాదం దగ్గరే ఆగిపోయాను. "నోచని" అనేది యతి కోసం వచ్చిన మాటలా వినిపిస్తోంది. మేలు నోచుకోకపోవడం వేరు, మేలు కనబడకపోవడం వేరు, మీరు చెప్పాలనుకున్నది రెండోదే కదా. ఇంకోసారి చూడండి.

తూనీగ:
తాను తినెడి వేళ దాపున నున్నట్టి
యాకలి గొను వాని నరయకుండ
కడుపు నింపుకొనెడి కఠినాత్ముడౌను ని
ర్దయ గలిగిన వాడె దయ్యమగును.

పాతకలం:
పాదం చివర "ని" పెట్టి విరవడం పాత యుక్తే. గణం కూడా చెడలేదు, ర్ద ముందున్న "ని" గురువై "డౌనుని" ర-గణం (గురువు, లఘువు, గురువు ఉండే ఇంద్రగణం) అయింది. కానీ నిర్దయ అంటేనే "దయ లేని" అని విశేషణం, దానికి మళ్ళీ "గలిగిన" చేర్చడం నాకు రుచించలేదు. వాడుకలో నామవాచకంలా చెల్లుతోంది కాబట్టి తప్పు అనను. అసలు అసంతృప్తి ఇంకోటి. దయ లేనివాడు దయ్యమని అందరికీ తెలిసిందే, సమస్యలో ఉన్న ముల్లును మీరు పీకేసి పక్కన పెట్టారు.

తూనీగ:
ఒప్పుకుంటున్నానండీ. ఇంకో దారిలో, ప్రశ్నలు రెండు, జవాబులు రెండు:

ఎవడు మనిషి యనగ నిలలోన నర్హుడౌ?
కరుణ లేనివాడు కడకు నేమి
యగును? తెలుపు డనగ నయ్యవా రిట్లనె
"దయ గలిగిన వాడె, దయ్యమగును."

పాతకలం:
ఇది బాగుంది! "వాడె" దగ్గర ఆగి చదివితే సమస్య దానంతటదే విడిపోయింది. "ఇలలోన" పాదం నింపడానికి వచ్చినదే అయినా అడ్డు పడలేదు.

కొత్తగణం:
నాకిది రెండో పద్యమే, తప్పులు చెప్పండి.

మంచివాడు కూడ కోపగించినపుడు
మాట తూలి పడును మనసు విరుగు
చల్లబడిన నాడు సాధువే యైనను
దయ గలిగిన వాడె దయ్యమగును.

పాతకలం:
తమ్ముడూ, గణాలన్నీ సరిపోయాయి, రెండో పద్యానికే ఇంత నడక రావడం చాలా సంతోషం. మొదటి పాదంలో యతి తప్పింది, "మం"కి "కో" చెల్లదు. "మంచివాడు కూడ మండిపడెడి వేళ" అంటే సరిపోతుంది. నీ ఊహ నాకు బాగా నచ్చింది. గుణం అంటే ఒకసారి సంపాదించి పెట్టెలో దాచుకునే నగ కాదు. ఇరవై ఏళ్ళు నెమ్మదిగా ఉన్న మనిషి ఒక్క మధ్యాహ్నం నోరు జారితే, ఎదుటివాడికి గుర్తుండేది ఆ మధ్యాహ్నమే. అది అన్యాయమే కావచ్చు, కానీ ఆ మాట పడ్డవాడి వైపు నుంచి చూస్తే కాదనలేం.

చిరుగాలి:
ఇంట్లోని దయ మీద ఇంకో ప్రయత్నం:

తప్పు జేయ కొడుకు దండింపకనె కాచి
ప్రేమ పేర చేటు పెంచు తండ్రి
యడుగు తప్పి పడిన యానాడు వానికి
దయ గలిగిన వాడె దయ్యమగును.

పాతకలం:
"తండ్రి యడుగు తప్పి పడిన" అని కలిపి చదివితే పడింది తండ్రే అనిపిస్తోందండీ, అన్వయం మార్చాలి. "కొడుకు కూలు నాడు కొడుకు కన్నులకును" అంటే ఎలా ఉంటుంది? వెనకేసుకు రావడాన్నీ దయనీ మనం ఒకే మాటతో పిలుస్తాం, చిక్కంతా అక్కడే.

ఒంటరిపడవ:
చిరుగాలి గారి మొదటి పద్యం చదివాక రాయకుండా ఉండలేకపోయాను. మా నాన్న మంచాన పడ్డాక నడుం కింద పుండు లేచింది. రాత్రి కట్టు మార్చాల్సింది నేనే. గుడ్డ పుండుకు అంటుకుపోయేది, సెలైన్ చుక్క చుక్కగా పోసి, నానేదాకా ఆగి, అంచు పట్టుకుని మెల్లగా లాగుతుంటే ఆయన దుప్పటి పిడికిట బిగించి "నువ్వు మనిషివి కాదు, దయ్యానివి" అనేవారు. నిజం చెప్పాలంటే కొన్ని రాత్రులు నాలో దయ లేదు, ఎప్పుడు అయిపోతుందా, ఎప్పుడు పడుకుందామా అనే ఉండేది. చేతులు మాత్రం రోజూ అదే పని అంతే జాగ్రత్తగా చేశాయి. మరి దయ ఉన్నది మనసులోనా, చేతుల్లోనా?

తూనీగ:
చేతుల్లోనే అంటాను. మనసు ఒప్పుకోని రోజున చేసిందే ఎక్కువ బరువు తూగుతుంది.

పాతకలం:
నేను సగమే ఒప్పుకుంటాను. మనసు పూర్తిగా ఎండిపోతే చేతుల జాగ్రత్త ఎన్నాళ్ళో నిలవదు. అలసిపోయిన రాత్రి కూడా గుడ్డ నానేదాకా ఆగారు చూశారా, ఆ ఆగడంలో మనసు ఉంది, మీకు తెలియకపోయినా.

చిరుగాలి:
నా మొదటి పద్యంలో మూడో పాదం మార్చాను:
"కనులఁ బడదు మేలు గాయమే పడు గాన"

పాతకలం:
ఇప్పుడు కుదిరింది. "పడదు, పడు" ఎదురెదురుగా నిలబడి కారణం కూడా చెప్పేశాయి.

ఒంటరిపడవ:
నేనూ రాశాను.

కట్టు విప్పునపుడు కసరి తిట్టిన తండ్రి
తెల్లవారి చేయి తీసికొనియె
నొప్పి మాటలాడ నోరు నాన్నది కాదు
దయ గలిగిన వాడె దయ్యమగును.

నిర్వాహకుడు:
పాతకలం గారూ, దీని మీద ఏమైనా అంటారా?

పాతకలం:
యతులు, గణాలు చూశాను, అన్నీ ఉన్నాయి. "నోరు నాన్నది కాదు" దగ్గర ఇక ముందుకు చదవలేకపోయాను. దీన్ని నేను ముట్టుకోను.

ఒంటరిపడవ:
ఆ మాట నాది కాదండీ. ఒక రాత్రి తిట్లు పడలేక వాకిట్లోకి వచ్చి కూర్చుంటే, మా అమ్మ నీళ్ళ గ్లాసు చేతికిచ్చి "మాట్లాడింది మీ నాన్న కాదురా, నొప్పి" అంది.