తొలి కాన్పు, నేనేమో చంద్రపూర్‌లో: సంతకం, రక్తం సంగతి ఎలా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. పవర్ ప్లాంటులో బాయిలర్ పని మీద చంద్రపూర్ వచ్చాను. డాక్టరు చెప్పిన తేదీకి ఇంకా రెండు వారాలుంది కానీ, తెల్లవారుజామునే అమ్మాయికి నొప్పులొచ్చి ఖమ్మంలో ఆస్పత్రిలో చేర్చారు. తొలి కాన్పు. గర్భసంచి ముఖద్వారం 3 సెంటీమీటర్లు తెరుచుకుందట. అల్లుడు మస్కట్ నుంచి వచ్చేసరికి రేపవుతుంది. అక్కడ మా ఆవిడ ఒక్కతే. నాకు సాయంత్రం బల్లార్షాలో రైలు, ఖమ్మం చేరేసరికి అర్ధరాత్రి దాటుతుంది. ఈలోపు ఆపరేషన్ అంటే సంతకం ఎవరు పెట్టాలి? అమ్మాయిది ఓ నెగెటివ్, అదో టెన్షన్. కాలూ చేయీ ఆడటం లేదు, కాస్త చెప్పండి.

జవాబు (రిటైర్డ్ స్టాఫ్ నర్సు):
తమ్ముడూ, ముందు కాసిని మంచినీళ్లు తాగండి. తొలి కాన్పులో 3 సెంటీమీటర్లంటే ఇంకా మొదలే. 5 వచ్చాక నొప్పులు ఊపందుకుంటాయి, అక్కణ్నుంచి 10, 12 గంటలు పట్టినా కంగారు పడక్కర్లేదు.

అమ్మాయి మేజరు, స్పృహలో ఉంది కాబట్టి తన సంతకమే చాలు. భర్తో తండ్రో పెట్టాలన్న చట్టం లేదు. సాక్షిగా ఇంకొకరిని అడిగితే మీ ఆవిడ ఉన్నారుగా.

రక్తం విషయం మాత్రం గట్టిగా పట్టుకోండి. ఓ నెగెటివ్ వాళ్లకు ఓ నెగెటివే ఎక్కించాలి, అది అంత తేలిగ్గా దొరకదు. బ్లడ్ బ్యాంకులో ఉందో లేదో ఇప్పుడే కనుక్కోమని డ్యూటీ డాక్టరును అడగండి. అల్లుడిది పాజిటివ్ అయితే బిడ్డదీ పాజిటివ్ కావచ్చు. అలాగైతే కాన్పయిన 72 గంటల్లోపు తల్లికి యాంటీ-డి ఇంజెక్షన్ పడాలి, పాజిటివ్ రక్తం మీద దాడి చేసే యాంటీబాడీలు తల్లి ఒంట్లో తయారవకుండా ఆపేది అదే. తర్వాతి కాన్పులో బిడ్డకు అదే రక్ష. బిడ్డ పుట్టిన సందడిలో ఇది మర్చిపోయిన ఇళ్లను చూశాను, అందుకే ఇంతగా చెబుతున్నా. కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఫైల్లో పైన పెట్టమనండి.

జవాబు (ఖమ్మం నుంచి):
అన్నా, బల్లార్షా దాటితే అడవి, సిర్పూర్ కాగజ్‌నగర్ దాకా ఫోను సరిగా పలకదు. డాక్టరుతో మాట్లాడేదేదో రైలెక్కకముందే మాట్లాడండి. డబ్బు కూడా ఇప్పుడే వదినగారి ఖాతాలో వేసేయండి, యూపీఐలో మామూలుగా రోజుకు లక్షే వెళ్తుంది. మా ఆఫీసులో ఓ నెగెటివ్ కుర్రాడున్నాడు, అడిగాను. రాత్రి ఎంతైనా వస్తానన్నాడు. ఆస్పత్రి ఎక్కడో నాకు మెసేజ్ పెట్టండి.

ప్రశ్న అడిగినవారు:
మీ రుణం తీర్చుకోలేను. డాక్టరమ్మతో మాట్లాడాను. ఒక యూనిట్ పక్కన పెట్టించారు, ఇంజెక్షన్ కూడా ఉందట. ఇంకొక్క మాట అక్కా. నాకు జలుబుగా ఉంది, స్టేషన్ నుంచి నేరుగా వెళ్లొచ్చా?

జవాబు (రిటైర్డ్ స్టాఫ్ నర్సు):
వెళ్లండి, కూతురికి మీరు కనపడాలి. మాస్కు పెట్టుకుని గదిలోకి వెళ్లండి. బిడ్డను మాత్రం జలుబు తగ్గేదాకా ఎత్తుకోవద్దు, ముద్దు అసలే వద్దు. పెద్దవాళ్లెవరైనా తేనె నాకిద్దామంటే ఒప్పుకోకండి. గంటలోపు తల్లిపాలే పట్టించాలి, ఆ మాట మీ ఆవిడకు ఇప్పుడే ఫోన్లో చెప్పేయండి.